తొమ్మిదో నంబరు, ఎడమ కాలు

గురువారం పొద్దున పదకొండింటికి ఫోన్ మోగింది. వైకుంఠం ఒక చేత్తో లేడీస్ చెప్పుల పెట్టె దించుతూ రెండో చేత్తో ఫోన్ ఎత్తాడు.

"సేటూ, నిలవడ్డవా కూసున్నవా?" అవతల సోమయ్య అభిమానుల సంఘం మనీష్. "నిలవడితే కూసో. సోమయ్య వస్తుండు."

"ఏ సోమయ్య?"

"ఏ సోమయ్య అంటవేంది! భీమిలి సోమయ్య! ఆదివారం మన మీటింగుకు. నిన్ను సూస్తందుకే వస్తుండట. నీకు ఇచ్చేది ఒకటున్నదట."

పెట్టె కింద పడింది. ఆరు జతల చెప్పులు దుకాణమంతా చెల్లాచెదురయ్యాయి. వైకుంఠం కూర్చున్నాడు, అదీ పెట్టె మీదే.

పాతబస్తీ జహనుమాలో ఆయనది మూడు తరాల హోల్‌సేల్ చెప్పుల దుకాణం. మొహర్రం వచ్చినా బోనాలు వచ్చినా షట్టర్ ఎప్పుడు దించాలో, ఎప్పుడు ఎత్తాలో ఎవరూ చెప్పనక్కర్లేని మనిషి. దేనికీ కంగారు పడడు. అలాంటివాడికి ఇప్పుడు మెడ వెనక చెమట పట్టింది.

కారణం ఒక క్యాసెట్టు.

భీమిలి సోమయ్య పెద్ద గాయకుడేం కాదు. సముద్రం ఒడ్డున పడవకు వీపు ఆనించి గిటార్ వాయిస్తూ, తోచింది పాడుకునే మనిషి. ఆరింటికి కచేరీ అంటే ఏడింటికి వస్తాడు. ఏడింటికని చెబితే ఎనిమిదింటికి వస్తాడు. ఇరవై ఏళ్ల కిందట భీమిలి బీచిలో ఒక సాయంత్రం ఆయన చేసిన కచేరీని ఎవరో రికార్డు చేసి అమ్మారు. దాని పేరు 'ఇసుక మీద సోమయ్య'. అవే పాటలు ఆయన స్టూడియోలో శుభ్రంగా కూడా పాడాడు. ఆ క్యాసెట్లు ఎవరూ కొనలేదు.

శుభ్రంగా ఉండటమే వాటి లోపం. బీచి క్యాసెట్టులో రెండో పాట మధ్య శనగలమ్మే అతని కేక ఉంటుంది. మూడో పాటలో ఒక పసిపిల్ల ఏడుస్తుంది, సోమయ్య ఆగి, "ఎత్తుకోండమ్మా, నాకేటి తొందర" అంటాడు, పిల్ల ఊరుకున్నాకే మళ్లీ తీగ మీటుతాడు. ఇక నాలుగో పాట 'రానీలే అల, పోనీలే అల'. అభిమానులు దాచుకున్నదంతా ఆ పాటలోనే ఉంది.

రెండో చరణంలో గిటార్ టక్కున ఆగిపోతుంది.

"ఓలమ్మో, నా సెప్పు!"

అల వచ్చి సోమయ్య ఎడమ చెప్పును లాక్కుపోయింది. "సెప్పు లేకపోతే తాళం ఎలాగేస్తాను" అని ఆయన మైకు వదిలేసి నీళ్లలోకి పోతాడు. ఆ తర్వాత మూడు నిమిషాలు పాటగాడు లేని పాట నడుస్తుంది. జనమే పల్లవి అందుకుంటారు. శృతి ఎవరికీ కుదరదు, ఎవరూ ఆపరు. ఉన్నట్టుండి దూరం నుంచి, అలల మీదుగా, అచ్చమైన హైదరాబాదు యాసలో ఒక కేక:

"దొరికిందన్నా! తొమ్మిదో నంబరు, ఎడమ కాలు!"

జనం ఘొల్లుమంటారు. సోమయ్య తడి బట్టలతో తిరిగివచ్చి పాటను మొదటి నుంచి మొదలుపెడతాడు.

ఆ కేక ఎవరిదో పాతబస్తీ అభిమానులు చిటికెలో తేల్చేశారు. దొరికిన చెప్పు నంబరు చదివేది చెప్పుల వ్యాపారి కాక ఎవరు? మన యాసలో అరిచేది మనవాడు కాక ఎవరు? ఆ రోజు చెప్పుల డీలర్ల మీటింగుకని భీమిలి పోయిన మనవాడు ఎవరు?

వైకుంఠం.

చిక్కు ఒక్కటే. ఆ గొంతు వైకుంఠానిది కాదు.

ఆ సాయంత్రం ఆయన సముద్రంలో కాలు పెట్టలేదు. మధ్యాహ్నం బీచిలో వరుసగా పద్నాలుగు మిరపకాయ బజ్జీలు తిని, కచేరీ మొదలయ్యే వేళకు లాడ్జి బాత్రూములో కూర్చున్నాడు. కచేరీ ముగిసేదాకా అక్కడే ఉన్నాడు. పాటలు వెంటిలేటర్‌లోంచి విన్నాడు, ముక్కలు ముక్కలుగా.

క్యాసెట్టు బజారులోకి వచ్చాక మనీష్ దుకాణానికి పరిగెత్తుకొచ్చి "గది నువ్వే గద సేటూ?" అని అడిగాడు. వైకుంఠం అవునని అనలేదు. కాదనీ అనలేదు. నవ్వాడు.

ఆ నవ్వుకు ఇరవై ఏళ్లు నిండాయి. ఏటా ఒక ఆదివారం అభిమానులు ఆయన గోదాము పైఅంతస్తులో చేరి ఆ క్యాసెట్టు మొత్తం వింటారు. నాలుగో పాట వచ్చేసరికి అందరూ ఎడమ చెప్పు విప్పేస్తారు. కేక వినగానే అందరూ వైకుంఠం వైపు తిరుగుతారు, ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచుతాడు. కూతురు స్రవ్యకు ఊహ తెలిసినప్పటి నుంచి ఈ కథే జోలపాట. మొదట్లో నీళ్లు మోకాళ్ల దాకా ఉండేవి. స్రవ్య పదో తరగతికి వచ్చేసరికి మెడ దాకా వచ్చాయి.

ఇప్పుడు స్రవ్యకు ఇరవై నాలుగు. మాటల రికార్డింగులు సరిచేసే కంపెనీలో ఉద్యోగం. ఆ రాత్రి అన్నాల దగ్గర చెప్పింది.

"బాపూ, ఆదివారం మొత్తం రికార్డు చేస్త. నువ్వు, సోమయ్య, పక్కపక్కన. మా ఆఫీసోళ్లకు కూడ చెప్పిన, మా బాపు గా మనిషే అని."

"ఆదివారం నాకు ఆగ్రాల పనున్నది బిడ్డా. చెప్పుల మాల్ చూడాలె."

"ఇర్వయ్యేండ్ల సంది ఫోన్ల తెప్పిస్తున్నవ్ మాల్. ఇప్పుడు యాదికొచ్చిందా ఆగ్రా? షర్మిందా గాకు బాపూ, సిగ్గెందుకు? మస్తుగుంటది."

వైకుంఠం ముద్దను కంచంలోనే తిప్పుతూ కూర్చున్నాడు. ఊరంతా ఏమనుకున్నా ఫికర్ లేదు. ఈ పిల్ల ముందు మెడ దాకా ఉన్న నీళ్లు ఒక్కసారిగా ఇంకిపోతే, ఆ తర్వాత తను చెప్పే ఏ మాటైనా నమ్ముతుందా?

మర్నాడు పొద్దున బుచ్చయ్య పాలు పోయడానికి వచ్చాడు. వెనక గల్లీలో అతనికి తొమ్మిది బర్రెలు, ఒక పాక. వైకుంఠానికి చిన్ననాటి స్నేహితుడు. పెళ్లికి ముందు నాలుగేళ్లు ఈ దుకాణంలోనే చెప్పులు సర్దాడు. భీమిలి ప్రయాణంలో వైకుంఠం వెంట వచ్చింది అతనే. బర్రె ఈనలేక అవస్థ పడుతుంటే అతని భార్య ఆండాలు సింహాచలం అప్పన్నకు మొక్కింది, ఆ మొక్కు తీర్చడానికి వచ్చాడు.

"బుచ్చయ్యా, సోమయ్య వస్తుండు."

పాల ధార గిన్నె దాటి గడప మీద పడింది.

"ఏ సోమ... ఈడికా? ఎందుకట?"

"నన్ను సూస్తందుకట."

"గాయినకు మన్సుల మొకాలు యాదికుంటయా సేటూ?"

"నీకెందుకు గా ఫికర్? నువ్వా దినం సింహాచలం లైన్ల ఉంటివి. ఇరుక్కున్నది నేను."

"ఆఁ. లైన్లనే ఉంటి," అన్నాడు బుచ్చయ్య. మూత పెట్టిన క్యానుకు మళ్లీ మూత పెట్టాడు. మళ్లీ తీసి, అడగకుండానే అర లీటరు ఎక్కువ పోసి వెళ్లిపోయాడు.

వైకుంఠం తన గోలలో తనున్నాడు. అది గమనించలేదు.

ఆదివారం మూడింటికి ముప్ఫై మంది పూలదండలతో ఫలక్‌నుమా స్టేషన్లో నిలబడ్డారు. రైలు వచ్చింది. సోమయ్య రాలేదు. మనీష్ ఫోన్ చేస్తే, దబీర్‌పురాలో దిగిపోయానని చెప్పాడు.

"గాడెందుకు దిగినవన్నా?"

"కిటికీలోంచి సమోసాలు కనబడ్డాయి బాబూ."

వైకుంఠం స్కూటర్ తీశాడు. తనొక్కడే వెళ్తానన్నాడు. దారిలో ఆయనకు నిజం చెప్పేయాలి, చేతులు పట్టుకుని బతిమాలాలి, మనిషి మంచివాడిలా ఉన్నాడు, ఒప్పుకుంటాడు. ప్లాను అంతే.

దబీర్‌పురా ప్లాట్‌ఫారం బెంచీ మీద ఒక సన్నటి ముసలాయన కాళ్లు జాపుకుని కూర్చున్నాడు. ఒక పక్క గిటార్, ఇంకో పక్క గుడ్డసంచి. సమోసా తింటున్నాడు.

"మీరే కదేటి, సెప్పుల సేటు?"

'ఆ కేక నాది కాదు' అని చెప్పడానికే వైకుంఠం నోరు తెరిచాడు. "ఆఁ" అని వచ్చింది. ఇరవై ఏళ్ల అలవాటు.

ముసలాయన ఆయన్ను కిందికీ పైకీ చూశాడు. కళ్లు చికిలించాడు. మిగిలిన సమోసా విరిచి సగం చేతిలో పెట్టాడు.

స్కూటర్ మీద వైకుంఠం మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు. మొదటిసారి వెనక నుంచి కూనిరాగం మొదలైంది, పాట మధ్యలో ఎలా చెబుతాం అనుకున్నాడు. రెండోసారి అలియాబాద్ దగ్గర, "ఆ గాలిపటాలు సూడండి సేటూ, ఎంత బాగున్నాయో" అన్నాడు సోమయ్య, చూశారు. మూడోసారికి గోదాము వచ్చేసింది. మెట్ల మీద స్రవ్య మైకు పట్టుకుని నిలబడి ఉంది.

పైన నలభై మంది. మూలన ఆండాలు పొయ్యి మీద చాయ్ మరిగిస్తోంది. ఏటా పాలు బుచ్చయ్యవే, చాయ్ ఆమెదే. బుచ్చయ్య గుమ్మం పక్కన పాలక్యాను వెనక వీలైనంత చిన్నగా కూర్చున్నాడు, నెత్తిన రుమాలు కనుబొమ్మల దాకా లాక్కుని.

క్యాసెట్టు తిరిగింది. శనగలవాడి కేక వస్తే అందరూ వాడితో కలిసి అరిచారు. పిల్ల ఏడిస్తే అందరూ "ఎత్తుకోండమ్మా" అన్నారు. సోమయ్య పడీ పడీ నవ్వాడు. "ఇది నాకంటే మీకే బాగా వచ్చు" అన్నాడు.

నాలుగో పాట. నలభై ఎడమ చెప్పులు విప్పారు. మూడు నిమిషాలు గది గదంతా అపశ్రుతిలో పాడింది.

"దొరికిందన్నా! తొమ్మిదో నంబరు, ఎడమ కాలు!"

నలభై తలలు వైకుంఠం వైపు తిరిగాయి. ఆయన చెయ్యి గుండె మీదికి పోయింది. ఈసారి నటన లేదు, గుండె నిజంగానే దడదడలాడుతోంది.

సోమయ్య లేచి సంచిలోంచి ఒక కాగితం పొట్లం తీశాడు. విప్పాడు. నీలం పట్టీ ఉన్న ఒక పాత చెప్పు. ఎడమది.

"ఇది ఇచ్చేసి పోదామని వచ్చాను," అన్నాడు. "ఇది నాది కాదు."

చాయ్ గిన్నెలో గరిటె తిరగడం ఆగింది.

"నీది కాదా?" మనీష్ గొంతు కీచుమంది. "మరి దొరికింది అంటడు గద!"

"నాది ఏడో నంబరు బాబూ. నాది సముద్రం తీసుకుపోయింది, మళ్లీ ఇవ్వలేదు. ఇదెవరిదో."

"అప్పుడే చెప్పకపోతివి?"

"ఎలాగ సెప్తాను? నడుం దాకా తడిసి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతా ఇచ్చాడు. 'ఇది కాదు, పోయి మళ్లీ ఎతుకు' అంటానేటి? ఏసుకున్నాను. పాడాను. రెండంకెలు పెద్దదైనా తాళం బాగానే పడింది. తర్వాత క్యాసెట్టోళ్లు ఆ ముక్కంతా కోసేస్తాం, మళ్లీ పాడమన్నారు. నాకు బద్ధకమేసింది."

గది నవ్వుల్లో మునిగింది. సోమయ్య ఆ చెప్పును వైకుంఠం చేతిలో పెట్టాడు.

"ఇందండి సేటూ. ఆ మనిషి మీరే కదా. మరిది ఎవరిదో మీకే తెలియాలి."

చెప్పు చేతికి రాగానే తిప్పి అడుగు చూడటం వైకుంఠానికి పుట్టుకతో వచ్చిన పని. తిప్పాడు.

మడమ దగ్గర గుండ్రటి రంధ్రం. కాల్చిన మేకుతో పొడిచింది.

కంపెనీలు డీలర్లకు శాంపిళ్లు పంపేటప్పుడు జత పంపవు. ఒక్కొక్కటే పంపుతాయి, ఒక రకంలో ఎడమది, ఇంకో రకంలో కుడిది. అవి పొరపాటున అమ్మకంలో కలవకూడదని వైకుంఠం తండ్రి మేకు కాల్చి మడమలో పొడిచేవాడు. ఆ పద్ధతి ఇంకే దుకాణంలోనూ లేదు. భీమిలి బయల్దేరేముందు వైకుంఠం అలాంటివి రెండు తీసి బుచ్చయ్యకు ఇచ్చాడు. ఎడమది నీలం పట్టీ, కుడిది ఆకుపచ్చ పట్టీ. "గుడికే గద, ఎవరు చూస్తరు, ఏసుకో" అన్నాడు.

ఆ రాత్రి బుచ్చయ్య ఉత్తి కాళ్లతో లాడ్జికి వచ్చాడు. గుడి ముందు చెప్పులు పోయాయన్నాడు. పోతే పోనీ శని వదిలింది అని ఇద్దరూ నవ్వుకున్నారు. ఊరికి వచ్చాక ఆండాలు కూడా ఆ మాటే అని మురిసిపోయింది.

ఆ రంధ్రాన్ని చదవగలిగినవాడు ఈ గదిలో వైకుంఠం ఒక్కడే. 'నాదే, అప్పుడు ఏసుకున్న' అంటే చాలు. నలభై మంది చప్పట్లు కొడతారు. స్రవ్య మైకు ముందుకు చాచింది. కూతురి కళ్లు మెరుస్తున్నాయి.

గుమ్మం దగ్గర చిన్న చప్పుడు. బుచ్చయ్య క్యాను ఎత్తుకుని, వంగి, మెల్లగా మెట్ల వైపు జారుకుంటున్నాడు.

"బుచ్చయ్యా," అన్నాడు వైకుంఠం. "ఆగు."

బుచ్చయ్య ఆగాడు.

"గా గొంతు నాది గాదు," అన్నాడు వైకుంఠం, అందరికీ వినబడేలా. "నేను సముద్రంల కాలు పెట్టలే. గా దినం నేను లాడ్జిల ఉన్న. బాత్రూంల."

మనీష్ నోరు తెరుచుకునే ఉంది.

"మెడ దాంక నీళ్లు అంటివి గద బాపూ?" అంది స్రవ్య.

"బకిట్ నీళ్లు, బిడ్డా."

ఆమె మూతి బిగించింది. తర్వాత ముక్కులోంచి నవ్వు తన్నుకొచ్చింది, ఆపుకోలేక మైకు పక్కకు తిప్పింది. వైకుంఠానికి మూడు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి పూర్తిగా ఆడింది.

ఆయన వెళ్లి ఆ చెప్పును బుచ్చయ్య ఎడమ కాలి ముందు పెట్టాడు. "ఏసుకో."

"నాది గాదు సేటూ. నాయి సింహాచలంల పోయినయ్." మాట వైకుంఠంతో, చూపు ఆండాలు మీద.

"ఓపాలి అరవండి సూద్దాం," అన్నాడు సోమయ్య. "మొకం మర్చిపోయాను గానీ ఆ కేక మర్చిపోలేదు."

"నాకు అరుసుడు రాదు."

"రాదా?" గరిటె పక్కన పెట్టి ఆండాలు కొంగు దోపింది. "తెల్లారంగ లేస్తే గల్లీ అంత లేపుతవ్, ఇప్పుడు రాదా? అరువు. తప్పిచ్చుకపోయిన బర్రె దొరికితే ఎట్ల అరుస్తవో గట్ల అరువు."

పారిపోయే దారి లేదు. బుచ్చయ్య కళ్లు మూసుకున్నాడు.

"దొరికిందన్నా! తొమ్మిదో నంబరు, ఎడమ కాలు!"

కిటికీ రెక్కలు అదిరాయి. అనుమానానికి చోటు లేదు. గోదాము కప్పు లేచిపోయేలా చప్పట్లు మోగాయి. సోమయ్య రెండు చేతులూ చాచి అతన్ని కావలించుకున్నాడు.

"నేను గుడికని బస్సెక్కిన మాట నిజమే," అన్నాడు బుచ్చయ్య, ఆండాలుకు మాత్రమే చెబుతున్నట్టు. "లైను మస్తు పొడుగుండె. మళ్ల భీమిలికొచ్చి జరసేపు సముద్రం సూద్దామనుకున్న. ఎప్పుడు సూడలే గద. ఈయన పాడుతుండె. చెప్పు పోయింది. అందరం ఎతికినం, దొరకలే. వీళ్లేమో పాడుకుంటనే ఉన్నరు, ఈయనేమో నీళ్లల్ల ఉరుకుతుండు, పొద్దు గూకుతుండె. ఇగ నా చెప్పు ఇడిసి ఇచ్చిన. కుడిది ఒక్కటి ఏం జేసుకుంట? సముద్రంలకు ఇసిరేసిన. తెల్లారి రైలుండె, గుడికి పోలేకపోయిన. నీకేమని చెప్పాలె?"

"ఇంతమంది సేటు అంటుంటే ఊకున్నవేంది మరి?" అన్నాడు మనీష్.

"సేటు గాదు నేనంటే, నువ్వాడ ఎందుకున్నవని ఇది అడుగుతది గద!"

అందరూ ఆండాలు వైపు చూశారు. ఆమె తాపీగా చాయ్ వడపోస్తోంది.

"కొత్త క్యాసెట్టు తెచ్చి పాకల పెట్టిండు," అంది. "గా కేక ఇనంగనే మా నల్ల బర్రె తలకాయెత్తి ఈయన దిక్కు సూసింది. బర్రెకు ఎర్కయింది, నాకు ఎర్కగాదా?"

బుచ్చయ్య నెత్తిన రుమాలు లాగేశాడు. "ఇర్వయ్యేండ్ల సంది ఎర్కేనా? మరి అడగవైతివి?"

"ఎందుకడగాలె? బర్రె సల్లగ ఈనింది, ఆడదూడ. మొక్కు తీరకుండనే అప్పన్న మాట నిలబెట్టుకున్నడు. ఆయనే ఊకున్నంక నాకెందుకు లొల్లి? నీ అంతల నువ్వు ఎప్పుడు చెప్తవో సూద్దామనుకున్న." సోమయ్యకు చాయ్ అందించింది. "ఏటా ఈ పాట ఈడ కూసోని ఎందుకు ఇంటున్ననుకున్నవ్? నీ మొకం సూస్తందుకు."

చేతిలో పెద్ద దండతో మనీష్ అటూ ఇటూ చూశాడు. ఎవరి మెడలో వేయాలో తేలక చివరికి క్యాసెట్టు ప్లేయర్‌కు వేశాడు.

స్రవ్య తండ్రి పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "మొత్తం రికార్డు అయింది బాపూ. బాత్రూం ముక్క కట్ చెయ్యాల్నా?"

వైకుంఠం సోమయ్య వైపు చూశాడు. ఆయన అప్పటికే గోడకు వీపు ఆనించి, కాళ్లు జాపుకుని, శృతి చూసుకుంటున్నాడు.

"వద్దు బిడ్డా," అన్నాడు వైకుంఠం. "ఉండనీ. అదే బాగుంటది."

సోమయ్య మొదలుపెట్టాడు. 'రానీలే అల, పోనీలే అల.' తాళానికి ఎడమ చెప్పు కావాలన్నాడు, తొమ్మిదో నంబరుదే కావాలన్నాడు. బుచ్చయ్య సిగ్గుపడుతూ ఇచ్చాడు. రెండో చరణంలో ఆయన పదాలు మర్చిపోయాడు, గది మొత్తం అందించింది, అదీ తప్పే.

పాట అయ్యాక ఆండాలు ఖాళీ గ్లాసులు ఏరుతూ చెప్పింది.

"వచ్చే శనివారం సింహాచలం. ఇద్దరు పోవాలె. సేటూ, నువ్వు బజ్జీలు ముట్టొద్దు."

"పోతం," అన్నాడు బుచ్చయ్య.

"పోతం," అన్నాడు వైకుంఠం. "కొత్త చెప్పులిస్త బుచ్చయ్యా. ఈసారి శాంపిల్ గాదు, మంచి జత."

"ఏమొద్దు," అంది ఆండాలు. "ఉత్తి కాళ్లతోని పోండ్రి. ఎక్కడ పోయినయో మళ్ల నాకు కత చెప్పకుండ."